సారుకు కప్పని శాలువా

కాగితం మీద రాసి ఫోటో తీసి పెడుతున్నాను. చేతిరాత బాగుండదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఊరి బడిలో ఐదు వరకే చదివినవాణ్ణి.

హైదరాబాద్ మన్సూరాబాద్‌లో మా కాలనీలోనే ఉండే చరిత్ర సారుకు ఢిల్లీలో జాతీయ అవార్డు వచ్చింది. ఆయనది గుంటూరు వైపు. నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన నావంటి ముసలివాళ్లను బడికి తీసుకెళ్లి, మా నాయనలు దొరల దగ్గర చేసిన వెట్టి గురించి పిల్లలకు మా నోటితోనే చెప్పించారు. ఆ పనికే అవార్డు.

ఈ సాయంత్రం కాలనీవాళ్లు సన్మానం పెట్టారు. శాలువా నన్ను కప్పమన్నారు. తీసుకుని లేచానో లేదో, వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"ఏంది తాతా, ఓ దిక్కు తెలంగాణ కోసం కొట్లాడుతుంటే, మన గోస చెప్పి అవార్డు కొట్టిన ఆంధ్రాయనకు నువ్వే శాలువ కప్పుతవా?"

సారు ముఖం చిన్నబోయింది. "నిజమేనండీ, చెప్పింది వీళ్లే. నేను అడిగానంతే" అన్నారు.

మా నాయన సంగతి నన్ను ఇన్నేళ్లలో అడిగింది ఈయనొక్కడేనని చెప్పాలనుకున్నాను. నా కొడుకులు కూడా అడగలేదు. కానీ శాలువా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. సారు అందరికీ దండం పెట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

పిల్లల ముందు గంటసేపు మాట్లాడినవాణ్ణి, ఆయన కోసం ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. ఉద్యమంలో నేనూ ఉన్నాను. అయినా ఇది తప్పే.

రేపు పొద్దున శాలువా పట్టుకుని వాళ్లింటికి వెళ్లనా? ఏ ముఖంతో వెళ్లను? మీకు తోచింది జర తొందరగా రాయండి.