ఉట్టిలో వెళ్ళిన రేకుల కుండ

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. టపా సంచికి సీలు వేసే ముందు లోపలి పార్సిళ్ళకు మనసులోనే "వెళ్ళిరండి" అంటాను. 2023లో, ఆత్రేయపురం దగ్గర ఒక ఊళ్ళో బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌గా చేరిన కొత్తలో మొదలైన అలవాటిది. బ్రాంచ్ ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, నేను. మనుషులతో కన్నా పార్సిళ్ళతో మాట్లాడడం నాకు తేలిక.

ఆ వేసవిలో సత్యవతిగారు ఒక కుండను కొబ్బరితాడు ఉట్టితో సహా చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చారు. ఆవిడ పూతరేకులు చేస్తారు. కుండను బోర్లించి లోపల మంట పెట్టి, పలచటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డను దాని వీపు మీద పరిచి లాగితే రేకు వస్తుంది. ఏళ్ళ తరబడి వాడితేనే ఆ వీపు నునుపు తేలుతుంది. నిజామాబాద్‌లో ఉంటున్న ఆవిడ చెల్లెలు లక్ష్మిగారు ఒక పెళ్ళికి రేకులు ఒప్పుకున్నారు. అదే ఆమె మొదటి ఆర్డరు. అక్కడ కొన్న కొత్త కుండ మీద ప్రతి రేకూ చిరిగిపోతోంది. పెళ్ళేమో దగ్గర పడింది. అందుకే తన పాత కుండనే చెల్లెలికి పంపాలని వచ్చారు.

ప్యాక్ చేయాలండీ అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. పోయినసారి అట్టపెట్టెలో గడ్డి కూరి లారీలో వేస్తే పెంకులు చేరాయని చెప్పారావిడ.

"పెట్టెయితే విసిరేత్తారండి, అమ్మాయిగారూ. కుండ కుండలా కనపడితే ఏ మనిషి విసురుతాడండి?"

కాదనలేక, ఔననలేక పై ఆఫీసు పోస్ట్‌మాస్టర్‌గారికి ఫోన్ చేశాను. దేంట్లో పెట్టారని అడిగారాయన. ఉట్టిలో అన్నాను.

"ప్యాకింగ్ వస్తువుకి తగ్గట్టుండాలి, అంతే కదమ్మా. కుండకి ఉట్టి కన్నా తగిందేముంది? పగిలితే మన పూచీ లేదని మాత్రం ఆవిడకి చెప్పు."

చెప్పాను. ఆయ్, అన్నారు సత్యవతిగారు.

సంచిలో పట్టనివి విడిగా వెళ్తాయి. మా మెయిల్ తీసుకెళ్ళే రాంబాబుగారు కుండను బండి హ్యాండిల్‌కు తగిలించుకుని, దారిలో అడిగినవాళ్ళందరికీ పెళ్ళికూతుర్ని దింపడానికి వెళ్తున్నానని చెప్పారట.

ఉట్టికి వేలాడే అట్టముక్క మీద సత్యవతిగారు నన్నడక్కుండానే నా ఫోన్ నంబరు రాసేశారు. ఇక దారిలో కుండను అందుకున్న ప్రతి ఆఫీసు నుంచీ ఫోన్లే ఫోన్లు. దీన్ని ఎక్కడ తగిలించాలని ఒకరు, నీళ్ళ కుండ లోపలెందుకు నల్లబడిందని ఒకరు, రేకుల్లోకి బెల్లం మంచిదా పంచదారా అని ఇంకొకరు. ఫోను ఎత్తడానికే జంకే నేను, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు నెయ్యి ఎంత పొయ్యాలో కూడా చెప్పాను. అప్పటి నుంచి ఏ పార్సిలు చేతికొచ్చినా, లోపల ఏముందన్నదే కాక, మోసేవాళ్ళ కంటికి ఏం కనపడుతుందన్నది కూడా ఆలోచిస్తున్నాను.

కుండ చేరిన రోజు లక్ష్మిగారే ఫోన్ చేశారు. పిండి కలుపుకుని సిద్ధంగా ఉన్నారట. కుండ తెచ్చిన పోస్ట్‌మాన్‌ను కదలనివ్వకుండా పీట మీద కూర్చోబెట్టారట. ఉండండమ్మా, లైన్లోనే ఉండండని చెప్పి ఫోను పక్కన పెట్టారు. కొబ్బరాకు మంట చిటపటలు వినిపించాయి. తడిగుడ్డ చుయ్యిమంది. నేను ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను.

"అమ్మాయిగారూ, రేకు ఎత్తి పట్టుకున్నానండి. అందులోంచి అవతల మీ పోస్ట్‌మాన్‌గారి మొహం కనపడతంది. నవ్వుతున్నారండి."