సంత చెప్పని జవాబు

రమాబాయి టీచరు అనుమానించనిది లేదు. పాలు పలచగా ఉంటే మామూలే అనుకుంటుంది. చిక్కగా ఉన్నాయో, పాలవాడు ఇవాళ ఏం కలిపాడోనని గిన్నె వాకిట్లోకి తెచ్చి వెలుతురులో చూస్తుంది. బస్సు వేళకు వచ్చిందంటే ఎక్కేముందు బోర్డు రెండుసార్లు చదువుకుంటుంది. ఏదైనా బాగుంటేనే ఆమెకు భయం.

ఆమె తండ్రి మంత్రాలయంలో పిల్లలకు స్తోత్రాలు సంత చెప్పేవాడు. గురువు ఒక పాదం ఒకసారి అంటాడు, శిష్యులు అదే రెండుసార్లు అంటారు. అక్షరం కదలకూడదు, సొంత మాట దూరకూడదు. ఆ చాప పక్కనే పెరిగిన రమాబాయి, ఆదోనిలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరయ్యాక ఆ పద్ధతే పట్టుకుంది. పాఠం, పద్యం, సారాంశం, పాత్ర స్వభావం అన్నీ సంతే. ఆమె ఒక వాక్యం అంటుంది, పదో తరగతి మొత్తం గొంతెత్తి రెండుసార్లు అంటుంది. వీధిలో పోయేవాళ్లకు లోపల ఏదో పారాయణం జరుగుతున్నట్టుంటుంది. దీన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే ఆమె క్లాసులో ఇంగ్లీషు తప్పిన పిల్ల లేదు.

ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతుండగా నిషాత్ పేపరు దగ్గర ఆమె పెన్ను ఆగింది.

పాఠం ఒక దీపస్తంభం కాపలాదారు కథ. సముద్రం ఒడ్డున దీపం వెలిగించే పనికి యంత్రం వచ్చింది. అయినా ఆ ముసలాయన రోజూ మెట్లెక్కి పైకి పోతూనే ఉంటాడు. ఎందుకు పోతాడన్నది ప్రశ్న. ఆయన కర్తవ్యనిష్ఠ గలవాడని రమాబాయి సంత చెప్పింది. పిల్లలంతా అదే రాశారు. నిషాత్ మాత్రం ఆయనకు భయం అని రాసింది. పగటిపూట ఇంట్లో ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదు, అందుకే పోతాడు అని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసింది.

రమాబాయి ఆ జవాబు మళ్లీ చదివింది. వాక్యం బాగుంది. అదే కదా బాధ! పరుపులు కుట్టే రసూల్ సాబ్ కూతురికి ఇంత మాట ఎలా వస్తుంది? ఇంట్లో గైడ్లన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు. లేకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. గైడులో లేదంటే ఫోనులో ఉండాలి.

మర్నాడు పిల్లను స్టాఫు రూముకు పిలిపించింది.

"యాడిది ఇది?"

"నేనే రాసినా టీచర్."

"నేను చెప్పింది ఇది కాదే. నేను చెప్పంది నీకెట్ల వచ్చింది? ఫోన్లో చూసినావా? మీ అన్న ముస్తాక్ రాసిచ్చినాడా?"

"మా అన్నకు ఇంగ్లీషు రాదు టీచర్."

"మరి ఎవరు?"

నిషాత్ తల వంచుకుంది. తల వంచుకుంటే రమాబాయి లెక్కలో నేరం ఒప్పుకున్నట్టే. ఆ జవాబుకు సున్నా వేసి, తండ్రిని తీసుకుని రమ్మంది. పిల్ల సంచి వెతికింది, బెంచీ మార్చింది, కిటికీ పక్క కూర్చోనివ్వలేదు. అంత వెతికినా చీటీ ముక్క కూడా దొరకలేదు. దొంగ ఎంత గడుసుదో అనుకుంది.

లెక్కల మాస్టరు యేసేపు ఇదంతా చూసి నవ్వాడు. "ఏం మేడం, అందరూ అచ్చు గుద్దినట్టు ఒకటే రాసిరి. వాళ్లనొదిలేసి, వేరేగా రాసినదాన్ని పట్టుకుంటిరి కాపీ అని. ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాలేదు."

"నీ లెక్కలు నువ్వు చూసుకో నాయనా," అంది రమాబాయి. కానీ ఆ మాట చెప్పులో రాయిలా బస్సు దిగేదాకా గుచ్చుతూనే ఉంది.

ఆమె మాట ఊరికే పోయేది కాదు. ఆర్నెల్ల కిందట తల్లిదండ్రుల మీటింగులో రసూల్ సాబ్ అందరి ముందే చెప్పాడు. పిల్ల బాగా చదువుతుందని టీచరమ్మ అంటే కాలేజీకి పంపుతాడు, లేదంటే పదితో మాన్పించి ఇంట్లో కుట్టు మిషను ముందు కూర్చోబెడతాడు. నిషాత్ కాలేజీ చదువు రమాబాయి నాలుక మీద ఉంది. అది ఆమెకూ తెలుసు, పిల్లకూ తెలుసు.

తండ్రి రాలేదు. ఎందుకు రాడు? దాచేదేదో ఉంటేనే కదా! ఆ శనివారం బడి వదిలాక గొడుగు పట్టుకుని రమాబాయే బయల్దేరింది.

రసూల్ సాబ్ పరుపుల అంగడి మార్కెట్ వెనక సందులో ఉంది. పక్కనే ఫోము పరుపుల షాపు, అద్దాల తలుపులు, జనం. రసూల్ సాబ్ అంగట్లో పురుగు లేదు. ఆయన కింద కూర్చుని పాత దూది పరిచి కర్రతో కొడుతున్నాడు. కొట్టిన దూదినే మళ్లీ పోగుచేసి మళ్లీ కొడుతున్నాడు. రమాబాయి గడప దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ఎవరికోసం కొడుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"రాండి టీచరమ్మా, కూసోండి!" అని ఆయన లేచి బల్ల తుడిచాడు. "పిలిపిచ్చినారంట. అంగడి మూసిరాల్యాక పోయినా. మూసినప్పుడే ఎవరన్నా వస్తే ఎట్ల అని."

"ఎవరన్నా వస్తున్నారా అప్పా?"

"యాడొస్తారమ్మా! ఉరుకుంద తిరనాళ్లకు ముందు ఒకరో ఇద్దరో వస్తాండ్రి, ఈ ఏడు వాళ్లూ లేరు."

"మరి రోజూ ఎందుకు తీయడం?"

ఆయన సిగ్గుపడ్డాడు. "మొన్న ఒకనాడు తీయలేదు. ఇంట్లో కూసున్యా. ఈ చేతులు యాడ పెట్టుకోవల్లో తెలీలేదంటే నమ్మండి. ఒళ్లో పెట్టుకుంటి, ఎనక పెట్టుకుంటి. మా నిషాత్ నన్నే చూస్తా కూసునింది."

రమాబాయి ఆయన చేతుల వైపు చూసింది. ఆ వాక్యం ఏ ఫోనులోనూ లేదు. ఇక్కడ, ఈ దూది పక్కన ఉంది.

"పాప కాపీ కొట్టిందంట గదా," అన్నాడు రసూల్ సాబ్ మెల్లగా. "మీరు దొంగ అంటే దొంగే. పరీక్షలు కానీండి, మాన్పిస్తా."

"లేదప్పా. సొంతంగా రాసింది. కాలేజీకి పంపు," అంది. నేనే పొరబడ్డాను అనడానికి మాత్రం నోరు రాలేదు. నోరు రానందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సోమవారం సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేసిన పేపరు నిషాత్ చేతికిచ్చింది. పిల్ల మార్కులు చూసింది, టీచరు మొహం చూసింది, మళ్లీ మార్కులు చూసింది. నవ్వలేదు.

రమాబాయి ఆ రోజు సంత చెప్పలేదు. కొత్త పద్యం ఒకటి బోర్డు మీద రాసి, ఎవరికి ఏమనిపిస్తే అది రాయమంది. క్లాసు బిత్తరపోయింది, పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె బెంచీల మధ్య నడుస్తూ నిషాత్ దగ్గరికి వచ్చింది. పిల్ల పేపరు నిండా ఏదో రాస్తోంది. చదవాలని ఎంత ఆశగా వంగిందో!

నిషాత్ చప్పున మోచెయ్యి అడ్డం పెట్టింది.

"చూపించమ్మా, ఏమీ అనను."

"వద్దు టీచర్," అంది నిషాత్, తలెత్తకుండానే. "మీరు సంత చెప్పే మాదిరిది ఇంకోటి రాసిస్తా. ఇది మీకు కాదు."