పద్నాలుగు సెకన్ల పేజీ

మా వదిన తయారుచేసిన వెబ్‌సైట్‌లో జనం సగటున పద్నాలుగు సెకన్లకు మించి నిలవరు. ఈ మాట నేను వంక పెట్టడానికి చెప్పడం లేదు, గొప్పగా చెప్పుకుంటున్నాను. వెబ్‌సైట్ల పనిలో ఉన్నవాళ్లు ఇది వింటే పెదవి విరుస్తారని తెలుసు. విరవనివ్వండి. నేను మందుల కంపెనీ ప్రతినిధిని. వారానికి నాలుగు రోజులు శాంపిళ్ల సంచీ మోసుకుంటూ బస్సుల్లో తిరిగేవాణ్ణి. ఆ పద్నాలుగు సెకన్ల విలువ వాళ్లకంటే నాకే బాగా తెలుసు.

డిజైనరు కాకముందు వదిన తొమ్మిదేళ్లు బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుంది. ఆ కిటికీ అద్దానికి కిందుగా ఒక కన్నం ఉండేది. ఎంతటివాడైనా నడుం వంచి అందులోంచే అడగాలి. వంగినవాళ్ల మొహాల్లో ఆత్రం తప్ప ఇంకోటి కనబడదని వదిన అనేది.

ఆ కిటికీ దగ్గర ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. అడిగిన ప్రతి ప్రశ్ననూ నోటుబుక్కులో రాసి, మళ్లీ ఎవరైనా అదే అడిగితే పక్కన ఒక గీత గీసేది. గీయమని ఎవరూ చెప్పలేదు. గీస్తే జీతం పెరిగేదీ లేదు. తొమ్మిదేళ్లలో ఆరు పుస్తకాలు నిండాయి. అందులో ‘బస్సు ఎన్నింటికి?’ అన్నదానికే ఎక్కువ గీతలుంటాయని నేను పందెం కాసి ఓడిపోయాను. అన్నిటికంటే ఎక్కువగా జనం అడిగింది ‘వెళ్లిపోయిందా?’ అని. తర్వాత ‘ఎక్కడ ఆగుతుంది?’ అని. టైము మూడో స్థానంలో ఉంది పాపం.

“వెళ్లిపోయిందని చెప్పి ఊరుకోకూడదు,” అనేది వదిన. “తర్వాతి బస్సు ఎప్పుడో అదే ఊపిరిలో చెప్పెయ్యాలి. లేకపోతే ఆ మొహం చూడలేం.”

తన పని ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆమెకు ఇంకో కొలత ఉండేది. జవాబు విన్న మనిషి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడంటే తను సరిగ్గా చెప్పనట్టు. చూడకుండా పరిగెత్తాడంటే చెప్పినట్టు.

“అయితే నీకు థాంక్స్ చెప్పేవాళ్లే ఉండరన్నమాట,” అన్నాన్నేను ఓసారి.

“థాంక్స్ చెప్పే తీరిక ఉందంటే వాడి బస్సు ఇంకా రాలేదని అర్థం, మరిదీ.”

అలాంటి కిటికీని ఒక సోమవారం మూసేశారు. బస్సుల కంపెనీ కొత్త వెబ్‌సైట్ పెట్టింది కాబట్టి ఇక మనిషి అక్కర్లేదన్నారు. అద్దం మీద చెక్క కొట్టి, ఆ చెక్క మీద వెబ్‌సైట్ పేరుతో కాగితం అంటించారు. వదిన మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తన ఉద్యోగం ఊడగొట్టిన ఆ వెబ్‌సైట్ ఎలా ఉందో ఫోన్లో తెరిచింది. నేనూ, మా అమ్మా చెరోవైపు నుంచి తొంగిచూశాం.

తెర నిండా వీడియో. పచ్చటి కొండల మధ్య మెలికలు తిరిగే రోడ్డు మీద ఒక బస్సు ఒయ్యారంగా వెళుతోంది.

“ఈ కొండలు మన రూట్లో ఎక్కడున్నాయే?” అంది అమ్మ.

కొండలు అయిపోయాక తెల్లటి తెర మీద వెంట్రుకంత సన్నటి బూడిదరంగు అక్షరాలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి. కిందికి జరుపుతుంటే బొమ్మలు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ జారాయి. అసలు సంగతులన్నీ మూలనున్న మూడు గీతల బటన్ వెనక దాక్కున్నాయి. ఇంతలో ఒక చిన్న పెట్టె ఎగిరొచ్చి ‘హాయ్! మీకెలా సాయపడను?’ అని పలకరించింది. వదిన ‘మూడున్నర బస్సు వెళ్లిపోయిందా?’ అని కొట్టింది. ‘మీ ప్రయాణం ఆనందంగా సాగాలి!’ అని జవాబొచ్చింది. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

వదిన ఫోన్ బోర్లా పెట్టింది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. ఏడవలేదు గానీ ఒంటికాలి మీద లేచింది.

“నన్ను తీసేసినందుకు కాదు,” అంది. “తొమ్మిదేళ్లు జనం అడిగిన ప్రశ్నకు ఇందులో చోటే లేదు. అది వాళ్లకి తెలియను కూడా తెలీదు.”

ఆ మర్నాటి నుంచే వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, భోజనాల బల్ల మీద, అన్నయ్య పాత కంప్యూటరుతో, ఎనిమిది నెలలు. నేను పక్కన కూర్చుని వెక్కిరించేవాణ్ణి, ఒప్పుకుంటాను. అమ్మ మాత్రం కూరగాయలు తరగడం వరండాలోకి మార్చుకుని బల్ల ఖాళీ చేసింది. అన్నయ్య టీవీ పెట్టబోతే, “కోడలు చదువుకుంటోంది, కట్టెయ్‌రా,” అని కసిరేది. తన కొడుకులెవరు చదువుకుంటున్నప్పుడూ ఆవిడ అంత నిష్ఠగా కాపలా కాయలేదు.

నేర్చుకున్నాక ఎక్కడ చేరిందనుకున్నారు? ఆ కొండల వెబ్‌సైట్ తయారుచేసిన ఆఫీసులోనే. పగబట్టి చేరిందని నేనంటాను. దగ్గరుండి బాగుచేద్దామని చేరానని ఆమె అంటుంది. మూడో అంతస్తు, కిటికీలకు నల్లటి తెరలు, చల్లటి గది, బల్లకొక పెద్ద తెర. అక్కడ ఆమెకిచ్చిన పని, వేరేవాళ్లు గీసిన పేజీల్లో మాటలు నింపడం.

అక్కడి పెద్ద డిజైనరుకు వదిన ఇంట్లో పెట్టిన పేరు బూడిదబాబు. మంచివాడే. పనిమంతుడు కూడా. కాకపోతే ఏ రంగు అడిగినా బూడిదలోనే తేలతాడు. ఏ ఏడాది ఫ్యాషన్ ఏమిటో ఆయనకు కొట్టినపిండి. గుండ్రటి మూలలు పోయి పదును మూలలొచ్చినా, తెల్లటి పేజీలు పోయి నల్లటి పేజీలొచ్చినా, అందరికంటే ముందు ఆయన బల్ల మీదే కనబడేవి. కొండల వెబ్‌సైట్‌కు ఆయనకు మెచ్చుకోళ్లు బాగానే వచ్చాయట.

ఏడాది తిరిగేసరికి బస్సుల కంపెనీ ట్రాఫిక్ మేనేజరు ఫిర్యాదులు భరించలేక ఆ ఆఫీసుకొచ్చాడు. వెబ్‌సైట్ ఉన్నా, జనం ఫోన్లు చేసి చంపేస్తున్నారట. బూడిదబాబు ఇంకాస్త పెద్ద వీడియో పెడదామన్నాడు. అప్పుడు వదిన లేచి నిలబడి, ఆరు నోటుబుక్కులూ తీసి బల్ల మీద పెట్టి, “ఒక్క పేజీ నన్ను చెయ్యనివ్వండి సార్,” అంది.

“కిటికీ దగ్గర కూర్చున్నంత మాత్రాన డిజైన్ వచ్చేస్తుందా మేడం?” అన్నాడు బూడిదబాబు. నవ్వుతూనే అన్నాడట. అయినా ఆ మాట వదినకు సూటిగా తగిలింది.

పేజీ తయారయ్యాక ఒక నెల జనంలో పెట్టి చూద్దామన్నాడు మేనేజరు. నెల తర్వాత పేజీ బాగుంటే ఉంచుతారు. లేదంటే పాతదే వస్తుంది, వదిన మళ్లీ మాటలు నింపుకోవాలి. ఉద్యోగం పోదు. కానీ ఆ తొమ్మిదేళ్లూ దేనికీ పనికిరావని అందరి ముందూ తేలిపోతుంది.

పేజీ చేయడం సరే, దాన్ని పరీక్షించిన తీరు చెబితే మీరు నమ్మరు. నా శాంపిళ్ల సంచీలో రెండు ఇటుకలు వేసి, నా కుడిచేతికి తగిలించి, మిట్టమధ్యాహ్నం బస్టాండులో ఎండలో నిలబెట్టింది.

“ఎడమచేత్తో బస్సు వెతుకు,” అంది.

వెతికే పెట్టె తెర పైన ఉంది. నా బొటనవేలు అక్కడిదాకా సాగలేదు. ఫోన్‌ను గడ్డానికి ఆనించి తంటాలు పడితే అది కాస్తా జారి, నేల మీద పడబోయి, నా మోకాలి మీద ఆగింది.

“సంచీ కింద పెట్టనా వదినా?”

“ఈ మురికి నేల మీద సంచీ ఎవరు పెడతారు? పట్టుకో.”

పెట్టలేకపోయాను, వెతకలేకపోయాను. ప్లాట్‌ఫాం మీది జనం నన్ను చూసి ఏమనుకున్నారో తెలీదు. వదిన మాత్రం తప్పు నాది కాదు, తనదేనని వెంటనే ఒప్పేసుకుంది. కిటికీ వెనక తనకెప్పుడూ రెండు చేతులూ ఖాళీగానే ఉండేవనీ, అవతలివాళ్ల చేతులు తను చూడనేలేదనీ అంది.

మర్నాడు ఈ సంగతి విని బూడిదబాబు పగలబడి నవ్వాడు. నవ్వి, తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇప్పుడు అందరూ ముఖ్యమైన బటన్లు తెర అడుగున పెడుతున్నారని, వేలికి అందేది అదేనని చూపించాడు. వదిన అది నేర్చుకుని పెట్టెను కిందికి దించింది. ఫ్యాషన్ అంటే ఆమెకు పడదనుకునేరు. పనికొచ్చే ఫ్యాషన్ ఎవరి దగ్గరున్నా చెయ్యి చాచి తీసుకుంటుంది. బదులుగా ఆయన్నీ సంచీ పట్టుకుని ఎండలో నిలబడమంది. పాపం, వచ్చాడు. తను చేసిన పాత సైట్ తెరిచి, తన అక్షరాలు తనకే కనబడక, ఫోన్‌ను కళ్లకు ఆనించుకున్నంత పని చేశాడు.

“ఆఫీసులో బాగానే కనబడిందే!” అన్నాడు.

“బస్టాండుకి నల్ల తెరలు వెయ్యలేం కదా బాబూ,” అంది వదిన.

ఆఖరికి పేజీ ఇలా తయారైంది. తెల్లటి తెర, నల్లటి లావు అక్షరాలు. బస్సు ఎంచుకోగానే ప్లాట్‌ఫాం నంబరు, దాని కింద ‘ఇంకా వెళ్లలేదు’ అని ఒక మాట. గేటు దగ్గరి సూపర్‌వైజరు బటన్ నొక్కగానే అది ‘వెళ్లిపోయింది’ అని మారుతుంది, పక్కనే తర్వాతి బస్సు టైము వస్తుంది. అంతే. కొండలు లేవు.

పేజీని జనంలో పెట్టి నెల తిరిగాక మేనేజరు మీటింగు పెట్టాడు. ఆ మీటింగులో నేను లేను. వదిన చెప్పింది, తర్వాత బూడిదబాబు కూడా చెప్పాడు, రెండు కథలూ సరిపోయాయి. బూడిదబాబు గోడ మీద ఒక పట్టిక వేశాడట. జనం పాత సైట్‌లో సగటున నాలుగు నిమిషాలు ఉండేవాళ్లు. కొత్త పేజీలో పద్నాలుగు సెకన్లు. ఆ రంగంలో అందరి తాపత్రయమూ జనాన్ని పేజీ మీద ఎంతసేపు కూర్చోబెట్టామన్నదేనట.

“జనం రావడం, పారిపోవడం. చూడండి సార్,” అన్నాడు.

మేనేజరు మొహం వాడిపోయింది. ఆ లెక్క ఒకటుంటుందని వదిన అప్పటిదాకా ఎరగదు. పట్టిక వైపు కాసేపు చూసింది.

“సార్,” అంది మెల్లగా. “నా కిటికీ దగ్గర ఎవరైనా నాలుగు నిమిషాలు నిలబడ్డారంటే నాకు చెప్పడం చేతకాలేదని అర్థం. వీళ్లు పారిపోలేదు సార్. బస్సెక్కడానికి పరిగెత్తారు.”

మేనేజరు అక్కడే కూర్చుని తన ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ నెల ఫిర్యాదులెన్ని వచ్చాయని అడిగాడు. రోజుకు మూడొందల కాల్స్ వచ్చేచోట నలభై దాటడం లేదని చెప్పారు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, “ఇదే ఉంచండి,” అన్నాడు. బూడిదబాబు తన పట్టికను తనే తీసేశాడు. ఆ తర్వాత ఆయన గీసిన పేజీల్లో బూడిద కాస్త ముదిరిందని, నలుపుకు దగ్గరపడిందని వదిన చెబుతుంది. ఇప్పుడు ఆ ఆఫీసులో ఏ పేజీ బయటికి వెళ్లాలన్నా ముందు సంచీ పరీక్ష జరగాల్సిందే. ఆ సంచీ నాదే. ఇటుకలు కూడా ఇంకా అందులోనే ఉన్నాయి, నేను కొత్తది కొనుక్కున్నాను.

మొన్న బస్టాండులో నా పక్కన ఒకావిడ నిలబడింది. ఒక భుజాన నిద్రపోతున్న పాప, అదే చేతికి బరువైన సంచీ. రెండో చేత్తో ఫోన్ తీసి బొటనవేలితో రెండుసార్లు తట్టింది. తెర మీద లావు నల్ల అక్షరాలు నా వరకూ కనబడ్డాయి. ‘ఇంకా వెళ్లలేదు.’ నా ఛాతీ ఉబ్బిపోయింది. ‘ఇది మా వదిన చేసిందండీ’ అని చెబుదామని గొంతు సవరించుకునేలోపు ఆవిడ ఆరో ప్లాట్‌ఫాం వైపు పరుగందుకుంది.

ఇంటికెళ్లి ఈ సంగతంతా వదినకు చెప్పాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నదల్లా ఆగి, గుడ్డ పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

“వెనక్కి తిరిగి చూసిందా?” అంది.

“లేదు వదినా.”

ఆమె మళ్లీ గుడ్డ తీసుకుని, కూనిరాగం తీస్తూ మిగతా గిన్నెలు తుడిచింది.