గునపం దగ్గర మొదలైన నా యోగా

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారిందంటే నాన్న సైకిల్ వెనక ఎక్కి కూర్చునేదాన్ని. ముందు కడ్డీకి గునపం కట్టి ఉండేది, హ్యాండిల్‌కి చద్దన్నం గిన్నె వేలాడేది. మలికిపురం చుట్టుపక్కల తోటల్లో కొబ్బరికాయలు వలవడం నాన్న పని.

గునపాన్ని మొన పైకి ఉండేలా నేలలో పాతేవాడు. కాయని దాని మీద గుచ్చి మెలితిప్పితే పైనున్న పీచు డొక్క ఊడి వచ్చేది. మూడు పోట్లు... అంతే, కాయ ఒక పక్క, డొక్కలు ఒక పక్క!

నాకు పదకొండేళ్లప్పుడు నేనూ వలుస్తానని మొండికేశాను. నాన్న వద్దనలేదు. తోట యజమాని మాత్రం కుర్చీలోంచే కేకేశారు.

"ఆడపిల్ల చేత గునపం దగ్గర పని చేయిస్తావేంట్రా? రేపు నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు?"

"ఆయ్, నడుం పట్టకుండానే నేర్పుతానండి," అన్నాడు నాన్న.

నిజం చెప్పొద్దూ... మొదటి కాయకే నా నడుం కలుక్కుమంది. బలమంతా చేతుల్లో పెట్టి, ఊపిరి బిగబట్టి, ముందుకి వంగిపోయి లాగాను. కాయ కదల్లేదు. ఆ పెద్దమనిషి నవ్వారు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

నాన్న నా చెయ్యి తీసి నా బొడ్డు కింద పెట్టాడు.

"ఓసారి దగ్గమ్మా."

దగ్గాను.

"లోపల బిగిసిందా? అదీ... ఆ బిగువు అలాగే ఉంచి, ఊపిరి మాత్రం వదులు. పొట్ట పీల్చెయ్యకు. చేతులు ఊరికే పట్టుకుంటాయంతే... పని చేసేది అది."

సాయంత్రానికి నాలుగు కాయలు వలిచాను. అంత గర్వం, యోగా సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు నాకు.

ఇప్పుడు నేను అమలాపురంలో యోగా నేర్పుతాను. కొత్తవాళ్లని 'కోర్ బిగించండి' అంటే చాలు... పొట్ట పీల్చేసి, ఊపిరి ఆపేసి, ముఖాలు కందగడ్డల్లా చేసుకుంటారు. అచ్చం నేను చేసిన తప్పే! కోర్ అంటే పొట్ట మీద కనిపించే కండలే అనుకుంటారు. కాదు... పక్కలు, వెనక నడుము, కింద కటి దాకా ఒంటి చుట్టూ కట్టిన నడికట్టులాంటిది అది. అందుకే బొడ్డు కింద చెయ్యి పెట్టించి దగ్గమంటాను. ఇది కొబ్బరికాయలు వలిచే మా నాన్న నేర్పాడని కూడా చెబుతాను.

అదే నచ్చలేదు నేను క్లాసులు పెట్టుకున్న హాలు యజమానురాలికి. ఓ రోజు పక్కకి పిలిచారు.

"మేడమ్ గారూ, మన దగ్గరకి పెద్దింటివాళ్లు వస్తారు కదండీ. కాయలు వలిచేవాళ్ల యోగా ఏంటని ఇద్దరు అడిగేరు. ఎవరో గురువుగారి దగ్గర నేర్చుకున్నానని చెప్పండి... మీకే మర్యాదగా ఉంటుంది."

ఒళ్లు మండిపోయింది.

"గురువుగారి దగ్గరే నేర్చుకున్నానండి. ఆయన కొబ్బరికాయలు వలిచేవారు. చెప్పడం మాత్రం మాననండి."

"అయితే వేరే హాలు చూసుకోండి," అన్నారావిడ.

చూసుకున్నాను! సగం మంది నాతో రాలేదు. మొదటి వారం ఆ ఖాళీ చోటు చూసి ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. అయినా మర్నాడు అదే చెప్పాను... మా నాన్న పేరు పెట్టి మరీ చెప్పాను.

నాతో వచ్చినవాళ్లలో ఒకావిడకి కాన్పయ్యాక నడుం నొప్పితో బిందె ఎత్తాలంటేనే భయం. మొన్న నౌకాసనంలో, ఊపిరి ఆపకుండా పది లెక్కపెట్టే దాకా నిలిచింది. లేచి, "మీ నాన్నగారికి నా దండాలు చెప్పండి మేడమ్," అంది.

చెప్పాను. నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు కాయలు వలిచే మిషన్లు వచ్చేశాయి. ఒంటిని ఎలా వాడుకోవాలో తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పెద్దవాళ్లయిపోతున్నారు. వాళ్ల చదువునే మనం అద్దాల గదుల్లో కొత్త పేర్లతో నేర్చుకుంటున్నాం. నేర్చుకుందాం, తప్పేం లేదు... నేర్పినవాళ్లని ఎందుకు చెరిపెయ్యాలి?

బరువెత్తడం, ఈదడం, తవ్వడం, మగ్గం ఆడించడం... మీ ఒంటికి పని నేర్పిందెవరు? కింద రాయండి. పేరొక్కటే కాదు, వాళ్లు ఏ పని చేసి మిమ్మల్ని పెంచారో అది కూడా రాయండి. ఇది నా ఫేస్‌బుక్ గోడ... ఇక్కడ ఎవరూ ఏదీ దాచుకోనక్కర్లేదు.