మొహిరా ఇంటి ఇత్తడి అతిథి

నిలువు కరెంటు దీపం కొనడానికి మొహిరా బజారుకి సూదీ దారం పట్టుకెళ్ళింది. బుఖారాలో దుకాణదారులు చాలా వింతలు చూశారు గానీ, ప్రతి దీపం కిందా చతికిలబడి సూదిలో దారం ఎక్కించి చూసే మనిషిని ఎరగరు. ఇనపవీ, చెక్కవీ అన్నీ సోఫాల్లో కూర్చునేవాళ్ళ కోసం పుట్టినవి. వాటి వెలుగు ఆమె నెత్తిమీంచి పోయి ఎదుటి గోడని ఉద్ధరించింది. కుర్చీ తెప్పించనా అని దుకాణదారు అడిగితే, కుర్చీ ఎక్కి జరీ కుట్టడం మా అమ్మ నేర్పలేదంది. చివరికి మూలనున్న ఇత్తడి దీపం కింద దారం మొదటిసారికే ఎక్కింది. అది మెడ వంచి మనిషి ఒళ్ళోకి చూసే దీపం. తలమీద కుచ్చుల గుడ్డ ముసుగొకటి. బేరం కూడా ఆడకుండా కొనేసింది.

ముప్పయ్యేళ్ళుగా పెళ్ళికొడుకుల మఖమలు అంగీలమీద బంగారు జరీ కుట్టిన చెయ్యి ఆమెది. ఇప్పుడు కళ్ళు మసకబారాయి. పోయినసారి ఒక ఆకు వంకర పోయింది. ఈ అంగీ కూడా అలాగే వస్తే ఇక సూది ముట్టొద్దని పనిచ్చేవాళ్ళు మొహంమీదే చెప్పేశారు. మొహిరాకి పిల్లల్లేరు. ఆ సూదే ఆమెకి బిడ్డాపాపా. కోడలు లేని అత్త గుణవంతురాలని ఇరుగుపొరుగు వేళాకోళమాడితే నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం ఏ ముల్లో గుచ్చుకునేది.

ఇంట్లో ప్లగ్గు ఒక్కటే. అదీ పెద్దగదిలో, గడపకి ఎదురుగా, పెద్దలు కూర్చునే పైచోటు పక్కన. వైరు పొడుగు చేద్దామంటే, ఒకసారి ఆమె భర్త నుస్రత్ అలాంటి పనే చేసి వీధంతా చీకటి చేశాడు. ఆ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందుకని దీపాన్ని పైచోటులో నిలబెట్టారు. చిక్కల్లా అక్కడే వచ్చింది. గడపకి ఎంత దూరమైతే అంత మర్యాద కదా, ఆ చోటు నుస్రత్ పెదనాన్న జిక్రుల్లో బొబోది, అంటే జిక్రుల్లో తాతది. సాయంత్రమయ్యేసరికి ఆయన వచ్చి అక్కడ కూర్చోవాలి, మొహిరా గడప దగ్గర టీ కూజాతో కూర్చోవాలి. కాపురానికి వచ్చిన మర్నాటి నించీ ఇదే వరస.

బొబో వచ్చాడు, చూశాడు. జరపండర్రా అనుంటే అయిపోయేది. కానీ బుఖారా పెద్దమనిషికి ప్రాణం పోయినా మర్యాద పోదు. గుండెమీద చెయ్యేసుకుని దీపానికి సలాం చేసి, ఒక చోటు కిందికి దిగి కూర్చున్నాడు.

“కూర్చోనివ్వండి, పాపం. దూరం నించి వచ్చినట్టున్నాడు.”

వేళాకోళమనుకుంది మొహిరా. కాదు. ఆయన దీపం ముందు టీ తాగే పియాలా పెట్టించాడు, రొట్టె తుంచి పెట్టించాడు. ఆమె స్విచ్చు మీద చెయ్యి వెయ్యబోతే కళ్ళెర్రజేశాడు.

“అతిథి చేత పని చేయిస్తావా కోడలా? మన వంశంలో ఎప్పుడైనా జరిగిందా?”

అంతే. దీపం వెలగలేదు. మూడు రోజులకి ఎలాంటి అతిథైనా కదులుతాడులే అనుకున్నారు. ఇది కదల్లేదు. పొమ్మనడానికి నోరెలా వస్తుంది? వీధిలోవాళ్ళు హల్వా పట్టుకుని అతిథిని పలకరించడానికి రావడం మొదలెట్టారు. నుస్రత్ ఉండబట్టలేక ఒకరోజు దీపం ముందున్న పియాలాలో టీ నిండా పోశాడు. సగం పోస్తే గౌరవం, నిండా పోస్తే ఇక దయచెయ్యమని అర్థం. పసిపిల్లలకి కూడా తెలుసు. దీపం కిమ్మనలేదు.

“చూశావా,” అని బొబో మెచ్చుకున్నాడు, “అవమానాన్ని ఎలా దిగమింగాడో! గొప్ప ఇంటి బిడ్డ.”

శుక్రవారం అంగీ ఇచ్చెయ్యాలి. మొహిరా కిటికీ దగ్గర వాలుతున్న ఎండలో కుట్టి, వేలు గుచ్చుకుని, నెత్తుటి చుక్క మఖమలు మీద పడకుండా నోట్లో పెట్టుకుని, వంటింట్లోకి పోయి ఏడ్చింది. పదడుగుల దూరంలో వెలుగుంది, దానికి హల్వా పెడుతున్నారు. ఏడుపు పోయి కోపం వచ్చింది.

గురువారం సాయంత్రం గది నిండా జనం ఉండగా కూజా కింద పెట్టింది.

“బొబో, ఒకమాట అడుగుతాను. తల వంచుకుని, మొహమ్మీద ముసుగేసుకుని, పెట్టింది తినకుండా, ఎవరేమన్నా పలక్కుండా కూర్చునే అతిథి ఎక్కడైనా ఉందా?”

బొబో గడ్డం నిమురుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే పొరుగింటి ఆడమనిషి అనేసింది: “అయ్యో, కొత్త కోడలు కదుటే!”

“మరి కొత్త కోడలు పని చెయ్యదా బొబో?”

ముసలాయన ఇరుక్కున్నాడు. ముప్పయ్యేళ్ళ కిందట ఇదే గదిలో మొహిరాకి కొత్త కోడలి పనులు చెప్పింది ఆయనే. ఇప్పుడు కాదంటే ఎలా?

“పెళ్ళి మర్నాడు తెల్లారకముందే వాకిలి ఊడవాలి,” అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఇక ఆడవాళ్ళు ఆగుతారా! కొత్త కోడలికి చేసే ఆచారం ప్రకారం పండ్లచెట్టు కొమ్మ తెచ్చి, దాంతో కుచ్చుల ముసుగెత్తి కోడలి మొహం చూశారు, మిఠాయిలు చల్లారు, ముక్కు తీరు బాగుందన్నారు. మొహిరా స్విచ్చు నొక్కింది. వెలుగు దీపం కాళ్ళ దగ్గర, సరిగ్గా పైచోటులో, ఒక మనిషి ఒళ్ళంత మేర పడింది.

అంగీ చేత్తో పట్టుకుని ఆమె నిలబడిపోయింది. కుట్టాలంటే అక్కడే కూర్చోవాలి. ఆ చోటులో ఆమె కూర్చున్నది పెళ్ళినాడొక్కసారే, ముసుగులో. బొబో ఒక చోటు కిందికి జరిగాడు. నుస్రత్ కూడా జరిగాడు. బొబో ఇంకా జరిగాడు. అలా జరిగి జరిగి గడప దగ్గర టీ కూజా పక్కన తేలాడు.

“కోడలు ఇంటికొచ్చాక అత్తగారు నిలబడుంటుందేమిటి?” అని విసుక్కున్నాడు.

మొహిరా వెళ్ళి కూర్చుంది. దారం ఎక్కింది. ఇత్తడి మెడ పట్టుకుని కాస్త ఇటు వంచి, “నిద్రపోతున్నావుటే, ఇటు చూడు,” అని గదమాయించింది. గుణవంతురాలన్న పేరు ఆ పూటతో పోయింది, పీడా విరగడైంది.

గడప దగ్గర బొబో కూజా వైపు చూశాడు, అటూ ఇటూ చూశాడు. పోసేవాళ్ళెవరూ లేరు. తనే కూజా ఎత్తి పియాలాలో సగమే పోసి, చేతులు మార్చి పైచోటులో ఉన్న మొహిరాకి పంపించాడు.