బిడ్డకు గాలం నేర్పబోతె

నాకు నోరెక్కువ. తాండూరు నుంచి కరణ్‌కోటకు పోయే బస్సుల కండక్టర్‌ను, నోరు లేకుంటె పని నడవదు. పొద్దుగాల సిమెంటు ఫ్యాక్టరీకి పోయెటోళ్ళంత డోరు కాడనే గుంపు కడ్తరు. "లోపట గంత జాగున్నది, మెట్ల మీద ఏం పనన్నా, జరుగుర్రి!" అని మొత్తుకుంటనే ఉంట. వాళ్ళు నవ్వుకుంట జరుగుతరు. గా నోరుతోనే ఇంట్ల నా బిడ్డకు ఓ అబద్ధం చెప్పిన. ఆ అబద్ధం నన్ను సముద్రం దాక గుంజుకపోయింది.

బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. చిన్నగున్నప్పుడు అన్నం తినుడంటె ఏడుపే. బుక్క నోట్ల పడాలంటె కథ చెప్పాలె. ఎన్నని చెప్త? ఓ దినం ఏం తోచక, "నేను నీ అంత ఉన్నప్పుడు కాగ్న నదిల గాలమేసి మూరెడు బొమ్మె చేప పట్టిన, ఎరికేనా?" అన్న. దాని కండ్లు ఇంతింత అయినయ్. గిన్నె ఖాళీ. ఇగ రోజూ అదే కథ. చెప్పినకొద్ది చేప పెరిగింది. మూరెడు కాస్త రెండు మూరలైంది, ఆఖరుకు నన్నే నీళ్ళల్లకు గుంజిందన్న. బిడ్డ బడిల గూడ చెప్పుకున్నది, మా అమ్మ గాలమేసుట్ల పెద్ద మొనగత్తె అని.

నిజమేందంటె, జన్మల నేను గాలం పట్టలే. మాది గొర్లు మేపే ఇల్లు. సెలవులల్ల అన్నలిద్దరు మందను కాగ్న ఒడ్డుకు తోలుకపోయెటోళ్ళు, ఎనక నేను. వాళ్ళు గాలమేసి కూసుంటె గొర్లను మర్లేసుడు నా పని, ఎర్రల డబ్బ పట్టుకునుడు నా పని. మెత్తటి మట్టిల తవ్వి తీసిన వానపాములు, వాటినే మేం ఎర్రలంటం. అడిగినప్పుడల్లా ఒకటి తీసియ్యాలె. గాలం మాత్రం ముట్టుకోవద్దు. "ఆడపిల్ల ముడితె ఆ దినమంత చేపలు పడవు" అనేటోడు పెద్దన్న. వాళ్ళు మొఖం కడుక్కోను పోయినప్పుడు ఒక్కసారి దొంగచాటుగ కర్ర పట్టుకున్న, చూసిన్రు. ఆ దినం నిజంగనే ఒక్క చేప పడలే. రెండు దినాలు నాతోని మాట్లాడలే. ఆ బొమ్మె చేప కథ ఉన్నదే, అది పట్టింది పెద్దన్న. నేను డబ్బ పట్టుకొని ఎనక నిలవడ్డ, గంతే.

బిడ్డకు ఏడేండ్లు రాంగనే అడుగుడు షురువైంది. "అమ్మా, నాకు గాలం నేర్పవా?" ఎండకాలమైతె "కాగ్నల నీళ్ళేవే, వానలు పడనీ" అన్న. వానలు పడ్డంక "వరదున్నది, కొట్టుకపోతవ్" అన్న. కోటిపల్లి ప్రాజెక్టు కాడికి పోదామంటె "అది మస్తు లోతు" అన్న. గట్ల రెండేండ్లు గడిపిన. ఊకె సాకులు చెప్పుడు నాకే సిగ్గనిపించి, ఓ రాత్రి అన్నం కాడ నోరు జారిన. "గీ చెరువులల్ల, వాగులల్ల ఏముంటదే? పడితె సముద్రంల పట్టాలె!" సముద్రం యాడనో ఉన్నది, ఎవరు పోతరులే అని నా ధీమా.

మా ఆయన బండలు కోసే మిషిని కాడ పని చేస్తడు. మాట తక్కువ. వారం దినాలకు ఫోన్ నా ముంగట పెట్టిండు. బాపట్లకు రైలు టికెట్లు, ఇద్దరివి. "నాకు సెలవు దొరకలే, మీరు పోయి రాండ్రి. నువ్వు పట్టిన చేపతోని ఫోటో దిగి పంపు" అన్నడు. మూతి మీద నవ్వు ఆపుకుంటున్నడు. మా పెద్దన్నతోని పండుగకు పండుగకు కూసొని ముచ్చట పెట్టే మనిషి, ఆయనకు తెల్వనిదేముంటది? బిడ్డ మాత్రం ఇల్లంత ఎగిరింది.

ఇగ తప్పుతదా? అన్నలు చేసింది చూసిన గదా, అట్లనే చేద్దామనుకున్న. సన్నటి వెదురు కర్ర తెచ్చిన, దారం కట్టిన, గాలం ముల్లు కట్టిన. దారం నడుమ ఎండిన జొన్న దంటు బెండు ముక్క గుచ్చిన. చేప కొరికితె అది బుడుంగున మునుగుతది, అప్పుడు కర్ర లేపాలె. పెంటకుప్ప పక్కన తవ్వి డబ్బెడు ఎర్రలు తీసి, మూతకు బొక్కలు కొట్టి బ్యాగుల పెట్టుకున్న. తాండూరు ఎర్రలను రైలెక్కించి సముద్రానికి తోలుకపోయినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంట. రాత్రంత ఆ కర్ర ఎదురు సీటు ఆయన చెవుల గుచ్చుకుంటనే ఉన్నది. ఆయన ఏం తిట్టిండో ఇక్కడ రాయ.

తెల్లారి ఆటోల సూర్యలంక పోయినం. సముద్రం చూసుడు ఇద్దరికీ అదే మొదటిసారి. బిడ్డ చెప్పులు చేతుల పట్టుకొని నిలవడి, "అమ్మా, అవతలి ఒడ్డేది?" అన్నది. "నీకు అవతలి ఒడ్డెందుకే, ఇవతలి ఒడ్డుల సక్కగ నిలవడు" అన్న గని, నేను గూడ దానికోసమే దేవులాడుతున్న.

కొంచెం దూరంల ఓ ముసలాయన ఒంటిగ చేపలు పడుతున్నడు. కర్ర లేదు, బెండు లేదు. ఓ సీసాకు దారం చుట్టుకున్నడు, దారం కొసకు ముల్లు, బరువుకు సీసపు గుండు. దాన్ని గిర్రున తిప్పి ఇసిరితె అలల అవతల పోయి పడుతున్నది. నేను చూసి చూడనట్టున్న. నేర్పెదాన్ని నేను, ఇంకొకల దిక్కు చూస్తె బిడ్డ ఏమనుకుంటది?

ఎర్రను ముల్లుకు గుచ్చిన. పెద్దన్న చేసినట్టె దాని మీద థూ అని ఉమ్మిన. ఉమ్మితె చేపకు వాసన అంటదని వాళ్ళ నమ్మకం. బిడ్డ గూడ వంగి థూ అన్నది. మోకాళ్ళలోతు నీళ్ళల్ల నిలవడి గాలమేసిన. అల వచ్చింది. బెండు, దారం, ఎర్ర, అన్ని మోసుకొచ్చి నా కాళ్ళ మీద పెట్టి పోయింది. మల్ల ఏసిన. మల్ల తెచ్చిచ్చింది. పదిసార్లు ఏసిన, పదిసార్లు ఇచ్చింది.

"అమ్మా, గిదేంది..." అన్నది బిడ్డ.

"సప్పుడు చెయ్యకు! చేపలు పారిపోతయ్" అని గుసగుసగ అన్న. పక్కన సముద్రం గా తీర్న బొబ్బ పెడుతుంటె మేమిద్దరం గుసగుసలాడుకుంటున్నం. ముసలాయన నవ్విండు. "ఏ ఊరమ్మా మీది? బెండు కడితే ఇక్కడ ఆగదు తల్లీ, ఒడ్డుకు కొట్టేస్తుంది. వానపాము కూడా ఎందుకు, రొయ్య ఇస్తాను, రండి" అన్నడు. ఎంత మంచిగ అన్నడో! "మాకు తెలుసు తాతా, ఏం ఫికర్ లేదు" అన్న. నా పొగరు కాలిపోను.

రెండు గంటలైంది. ఎండెక్కింది. చెయ్యి గుంజుతున్నది, ఉప్పు నీళ్ళకు కండ్లు మండుతున్నయ్. అటు దిక్కు నలుగురు పోరగాండ్లు మా బెండును చూసి పడి పడి నవ్వుతున్నరు. నా అబద్ధం ఇగ బయట పడ్డట్టే. గదే సమయానికి బిడ్డ వచ్చి కర్ర మీద చెయ్యేసి, "నేనొక్కసారి ఏస్తనే" అన్నది. దారం దాని కాలికి చుట్టుకొని చిక్కు పడ్డది.

"ముట్టకు! నువ్వు ముడితె ఇగ చేపలు పడ్డట్టే!"

అన్నది నేనే. నా నోటి నుంచే వచ్చింది. కాని ఆ మాట నాది గాదు, పెద్దన్నది. గొంతు గూడ ఆయనదే.

బిడ్డ ఏడవలే. ఏడిస్తె బాగుండు. మెల్లగ కాలికున్న దారం ఇప్పుకున్నది. పోయి ఎర్రల డబ్బ తీసుకొని, నా ఎనక నాలుగడుగుల దూరంల నిలవడ్డది. ఎవరూ చెప్పలే. డబ్బను రెండు చేతులతోని పొట్టకు ఆనించుకొని, ఎప్పుడు అడుగుతనో అని నా చేతుల దిక్కు చూస్తున్నది. అచ్చం నేనే.

కర్ర ఇసుకల పడేసి దాని ముంగట కూసున్న.

"బిడ్డా, నాకు గాలం పట్టుడు రాదు."

"వస్తది గదా. బొమ్మె చేప..."

"అది పెద్దమామ పట్టిండు. నేను ఎనక నిలవడి డబ్బ పట్టుకున్న. ఆడపిల్ల ముడితె చేపలు పడవని నన్ను ముట్టనియ్యలే. ఇప్పుడు నిన్ను నేను గట్లనే అన్న. తప్పైంది బిడ్డా, నేను అబద్ధాలదాన్ని."

అది ఇసుకల బొటనేలుతోని గీతలు గీసింది. దాని మొఖంల ఏముందో చూసే ధైర్యం నాకు లేకుండె. గంత పెద్ద చేపను పట్టిన అమ్మ పోయింది, ఇగ మిగిలింది నేను.

"ఒక్కసారి గూడ పట్టలేదా?" అన్నది ఆఖరుకు.

"ఒక్కసారి గూడ."

డబ్బ కింద పెట్టింది. లేచి సక్క ఆ ముసలాయన కాడికి నడిచింది. నేను ఆపేలోపే ఆయన లుంగీ కొస పట్టుకొని గట్టిగ అడిగింది, ఆ పోరగాండ్లకు గూడ ఇనవడేటట్టు.

"తాతా, మా అమ్మకు గాలం పట్టుడు రాదంట. ఎవ్వలు నేర్పలేదంట. జర నేర్పుతవా? ముందుగల ఆమెకు, ఎనక నాకు."

ముసలాయన నా దిక్కు చూసిండు. నవ్వుతడేమో అనుకున్న, నవ్వలే. "రామ్మా" అని సీసా నా చేతిల పెట్టిండు. చిన్న రొయ్యను ముల్లుకు గుచ్చుడు చూపిచ్చిండు. దారాన్ని చూపుడు ఏలు మీద ఆనించుకోమన్నడు, చేప కొరికితె ఏలుకే తెలుస్తదట. మొదటిసారి ఇసిరితె గుండు నా ఎనకనే పడ్డది. రెండోసారి పక్కకు పోయింది. "ఫరవాలేదమ్మా, మళ్ళీ వెయ్యి" అన్నడు. మూడోసారి అలల అవతల పడ్డది. ముప్పై ఎనిమిదేండ్లున్నయ్ నాకు. ఏలు మీద దారం పెట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలవడ్డ. బిడ్డ నా నడుముకు ఆనుకొని నిలవడ్డది.

కొద్దిసేపటికి ఏలు మీద టుక్కుమన్నది. మల్ల టుక్కు టుక్కు. "లాగమ్మా, లాగు!" అన్నడు ముసలాయన. లాగిన. ఎట్ల లాగిననో, ఎంత సేపు లాగిననో నాకు తెల్వదు. అరచెయ్యంత తెల్లటి చేప ఇసుకల పడి ఎగురుతున్నది. దాని పేరేదో చెప్పిండాయన, నా చెవులకెక్కలే. నేను ఏడుస్తున్న. బిడ్డ ఇసుకల కూసొని చేపను ఒక్క ఏలుతోని ముట్టి చూసి, తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు ముడితె గూడ చేప పడ్డది గదా అమ్మా. మరి మామ గట్లెందుకన్నడు?"

"తెల్వదు బిడ్డా. నేనెందుకన్ననో గూడ తెల్వదు."

"సరే, ఇగ ఏడ్వకు" అని లేచి, నా చేతిల నుంచి దారం గుంజుకున్నది. "జరుగు, ఇగ నేనేస్త."