నల్లబడ్డ నూనె

ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఒకతె ఉండటం ఆ రోజుల్లో అందరికీ సౌకర్యమే. ఇంగ్లీషు అక్షరం ఉన్న కాగితం ఏది వచ్చినా పిలిచి చదివించుకునేవారు. చదివాక ఏం చేయాలన్నది మాత్రం మిగతావాళ్లు నిర్ణయించేవారు. శాలిబండలో మా మేనమామ ఇంట్లో ఆ కొలువు నాది. నాన్న పోయాక అమ్మా నేనూ అక్కడే ఉండేవాళ్లం. ఇంటర్మీడియెట్ పాసై, కోఠీ కాలేజీలో బీయెస్సీకి సీటు తెచ్చుకున్నాను. రెండేళ్లు నన్ను కాలేజీకి దించిన రిక్షా ముసలాయన సరిగ్గా అప్పుడే నడుం పడిపోయి మంచమెక్కాడు. బస్సులో మగవాళ్ల మధ్య నిలబడి పోవడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. చదువు ఇక గడప దాటదు అనుకుంటున్న సమయంలో మామ కారు కొన్నాడు.

కారు అంటే నిజంగా కారే. జాగీర్లు పోయాక ఒక నవాబు తన దేవిడీలో సామాను అమ్ముతుంటే మామ వెళ్లి, గడియారం కొందామని బేరమాడి కారు తెచ్చుకున్నాడు. (గడియారం ఇంకెవరో కొనుక్కున్నారట. ఆ విషయం చాలాకాలం బాధగా చెప్పేవాడు.) పాత యజమాని అందులోని పెట్రోలు ఇంజను తీయించి, తెల్లదొరల సీమనుంచి తెప్పించిన డీజిల్ ఇంజను పెట్టించాడు. నిలబడి ఉన్నప్పుడు కూడా జ్వరమొచ్చిన ఏనుగులా వణికేది. అది బయల్దేరితే వీధిలో వాళ్లు ఆరేసిన బట్టలు తీసేసేవారు. అయినా నా కళ్లకు అంత అందమైన వాహనం ఇంకోటి కనపడలేదు. ఎందుకంటే ఆఫీసుకు పోతూ నన్ను కాలేజీ దగ్గర దించుతానని మామ మాట ఇచ్చాడు. అమ్మమ్మ కొంచెంసేపు ఆలోచించి, "కారు నడిచినన్ని దినాలు పోనీ. కారు ఆగిన్నాడు చదువు గూడ ఆగాలె," అంది. ఆవిడ సరదాకు ఏదీ అనదు.

కారుతోపాటు ఇంజను పుస్తకం కూడా వచ్చింది. అట్ట సగం పురుగులు తినేశాయి. ఏ నూనె పోయాలో చూడమని మామ నా చేతికిచ్చాడు. నూనె గురించిన పేజీ తీసి, గొంతు సవరించుకుని, డీజిల్ ఇంజన్లకని ప్రత్యేకంగా చేసిన పలచని నూనె పోయాలని, దానికి లోపలి మసిని కడిగే గుణం ఉంటుందని చదివి చెప్పాను. తర్వాతి పేజీ తిప్పలేదు. అప్పటికే అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు, ఇంకా చదివితే తెలియని మాట ఏదైనా ఎదురవుతుందేమోనని భయం. మామ ఊరంతా తిరిగి ఆ నూనె డబ్బా తెచ్చాడు. మా గల్లీ చివర మరమ్మతుల కొట్టు నడిపే ఉస్తాద్ దాన్ని రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. లారీకైనా నవాబుల కారుకైనా ఆయన ఒకటే చిక్కటి నూనె పోసేవాడు. పాకంలా తీగ సాగితేనే ఆయన లెక్కలో అది నూనె. "గీ కితాబు రాసినోడు శాలిబండల బండి నడిపిండా బేటీ?" అని నన్నడిగి, మామ మాట కాదనలేక పోశాడు.

నాలుగు రోజులు రాణీలా కాలేజీకి పోయాను. అయిదో రోజు మామ నూనె చూసే కడ్డీ బయటికి తీసి అలాగే నిలబడిపోయాడు. బంగారు రంగులో పోసిన నూనె సిరాలా నల్లగా ఉంది. ఉస్తాద్‌ను పిలిపించారు. ఆయన కడ్డీ చూసి, నా వైపు జాలిగా తల ఊపాడు, తిట్టినదానికన్నా అది అవమానం. వంటింట్లోంచి అమ్మమ్మ వచ్చి కడ్డీ వాసన చూసి, "మాడిన నూనెల మనం గారెలు గూడ చెయ్యం. గసొంటిది కారుల పోస్తరా?" అంది. గారెల విషయంలో ఆవిడ తీర్పుకు మా ఇంట్లో ఎదురు లేదు.

మామ నాకు పుస్తకం ఇచ్చి, నల్లబడుడు గురించి ఏమన్నా ఉన్నదా చూడమన్నాడు. తిప్పని ఆ పేజీ అప్పుడు తిప్పాను. మొదటి వాక్యమే అది. ఈ నూనె కొద్ది రోజుల్లోనే నల్లబడుతుందని, మసిని తనలోకి తీసుకుంటున్నదనడానికి అదే గుర్తని, కంగారు పడవద్దని స్పష్టంగా రాసి ఉంది. మూడుసార్లు చదివాను. చుట్టూ చూశాను. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న ఉస్తాద్, యాభై ఏళ్లుగా నూనె కాస్తున్న అమ్మమ్మ, ఎటూ తేల్చుకోలేని మామ. నల్లబడితే మంచిదే అని నేనెలా చెప్పను? ఇంగ్లీషులో నాకెప్పుడూ బొటాబొటి మార్కులే. ఎక్కడో ఒక 'కాదు' చూసుకోకుండా చదివి ఉంటాననుకున్నాను.

"దాని గురించి ఏం లేదు మామా," అన్నాను.

నల్ల నూనె కాలవలో కలిసింది. ఉస్తాద్ తన చిక్కటి నూనె పోశాడు. అది వారమైనా, నెలైనా తేనెలా మెరుస్తూనే ఉంది. ఆదివారం ఆదివారం మామ కడ్డీ తీసి ఇరుగుపొరుగుకు చూపించేవాడు. అందరితోపాటు నేనూ చూసి సంతోషించేదాన్ని. (ఇది రాయడానికి చాలా సిగ్గుగా ఉంది.) దసరా సెలవులయ్యాక మూడో రోజు, నయాపూల్ వంతెన మీద, ఇంజను లోపల ఎవరో రోకలితో పొడిచినట్టు చప్పుడై, ఆగిపోయింది. నలుగురు తోస్తుంటే పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, శాలిబండ దాకా అందులోనే వచ్చాను.

ఉస్తాద్ ఇంజను విప్పాడు. లోపల గోడలకు, నూనె పారే దారులకు మసి వేలెడు మందాన మడ్డికట్టింది. నూనె తీసుకోని మసి ఎక్కడికి పోతుంది, ఇంజనుకే అంటుకుంది. ఆయన మడ్డిని వేలితో గీకి చూసి, తప్పు తనదేనని మర్యాదగా ఒప్పుకున్నాడు. అమ్మమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ముందుగాల పోసిన కాలేజీ నూనే విషం ఎక్కించిందని ఊరంతా చెప్పింది. అప్పుడు నాకు పౌరుషం వచ్చి, పుస్తకం తెచ్చి, ఆ వాక్యం మొదటినుంచి చివరిదాకా తెలుగులో చదివి వినిపించాను. గొంతు వణకలేదు కూడా. ఉస్తాద్ తల దించుకున్నాడు. మామ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"గిది గప్పుడే చదివితే ఏమయ్యేది బిడ్డా?" అన్నాడు.

కారు మళ్లీ నడవలేదు, కారుతోపాటు చదువూ ఆగాలన్న తన మాట మీద అమ్మమ్మ నిలబడింది. బీయెస్సీలో నా చదువు నాలుగు నెలలతో సరి. మరుసటి ఏడు పెళ్లయింది.

ఇప్పుడు పాపకు తొమ్మిదో నెల. కడుపునొప్పి మందు సీసా మీద అరచెంచా అని అచ్చువేసి ఉంటుంది. నాలుగుసార్లు చదివి, పిల్లను ఎత్తుకుని, పక్కింటావిడ దగ్గరికి వెళ్లి ఎంత పోయాలని అడుగుతాను. ఆవిడకు చదువు రాదు. నిన్న ఆవిడకు విసుగొచ్చింది. "నువ్వే చదువుకున్నదానివి గదమ్మా, సీసా మీద ఏమున్నది?" అంది. అరచెంచా అని ఉందన్నాను. "మరి పోయరాదు," అంది. వచ్చి పోశాను. పాప ఉమ్మేసింది, అది వేరే సంగతి. చెంచా కడుగుతుంటే, విప్పిన ఇంజను పక్కన రెండు జడలతో, నాలుగు నెలలు ఆలస్యంగా, అంత గట్టిగా ఆ వాక్యం చదివిన పిల్ల గుర్తొచ్చింది. ఎంత బాగా చదివిందో, ఒక్క తప్పు లేదు. నవ్వొచ్చింది.